ఆ సంచికి వీపు కూడా ఉంది

పాత తివాచీల వ్యాపారంలో ‘బ్యాగ్ ఫేస్’ అని ఒక మాట ఉంది. దక్షిణ ఇరాన్‌లోని సంచార తెగల ఆడవాళ్ళు నేసిన సంచుల ముందు భాగాన్ని, బొమ్మలతో రంగులతో నిండిన ఆ చదరపు ముక్కని, అలా పిలుస్తారు. వేలంపాటల కేటలాగుల్లో, ఆన్‌లైన్ దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి అవే. ఫ్రేము కట్టి గోడకి తగిలించేవీ, దిండు కవర్లుగా కుట్టేవీ అవే. సంచిలో మిగతా భాగం ఏమైందని అడిగేవాళ్ళు తక్కువ. దాన్ని కత్తెరతో కోసి పారేశారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఖష్కాయ్ సంచిని కోసి ముఖం మాత్రం దాచుకోవడం ఆ సంచిని కాపాడటం కాదు. నేసిన మనిషి తెలివిలో చాలా భాగం ఆ పారేసిన వీపులో, మూతి దగ్గరి ముడుల్లో, అంచు కుట్టులో ఉంది. ముఖం ఒక్కటే చూసి ‘ఎంత అందం!’ అనేవాళ్ళు ఆవిడకి ఇచ్చేది సగం మర్యాదే.

ఖష్కాయ్‌లంటే ఫార్స్ ప్రాంతంలో, షిరాజ్ నగరానికి అటూ ఇటూ తిరిగే తెగల సమాఖ్య. ఇరాన్‌లో ఉన్నా వాళ్ళ భాష పారసీకం కాదు, తుర్కీ కుటుంబానికి చెందినది. అమలే, దర్రెషూరి, కష్కూలీ, ఫార్సీమదాన్, షెష్ బోలూకీ వాటిలో పెద్ద తెగలు. చలికాలం ఫిరూజాబాద్, కాజెరూన్ వైపు, గల్ఫ్ సముద్రానికి దగ్గరగా ఉన్న వెచ్చటి నేలల్లో ఉంటారు. ఎండలు ముదిరేలోపు సెమీరోమ్ వైపు, దెనా కొండల చల్లటి పచ్చిక బయళ్ళకి వెళ్ళిపోతారు. కొన్ని కుటుంబాలకి ఈ దారి ఒక్క వైపే 500 కిలోమీటర్ల దాకా ఉండేది. ఏడాదికి రెండుసార్లు, గొర్రెల మందలతో, ఒంటెలు గాడిదల మీద సామాను వేసుకుని నడక.

అలాంటి ఇంట్లో బీరువా ఉండదు. బట్టలు, బియ్యం, చక్కెర, పరుపులు, ఉప్పు అన్నీ సంచుల్లోనే. ప్రతి పనికీ వేరే సంచి. జంతువు వీపు మీద రెండు వైపులా వేలాడే జంట సంచి ఖోర్జిన్. మన దగ్గర ఎద్దుల మీద వేసే కంట్లం లాంటిది. పరుపులు సర్దే పెద్ద పెట్టె ఆకారపు సంచి మఫ్రష్. సొంత సామాను పెట్టుకునే చిన్న సంచి చంతే. ఉప్పు సంచి నమక్‌దాన్‌ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. దాని కడుపు వెడల్పు, మెడ సన్నం. చెయ్యి దూరుతుంది, ఉప్పు కోసం వాసన పట్టి వచ్చిన గొర్రె మూతి దూరదు. ఆ మెడని కిందికి మడిచి కట్టేస్తే ఉప్పు ఒలికిపోదు కూడా.

నేను షార్జాలో ఉంటాను. ఇక్కడ ఇరానీ తివాచీ దుకాణాలకి కొదవ లేదు. షిరాజ్ నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన దగ్గర ఒక ఖోర్జిన్‌లో సగం కొనుక్కున్నాను. మధ్య పట్టీ దగ్గర ఎవరో ఎప్పుడో జంటని విడదీశారు. కానీ ఈ సగానికి వీపుంది, మూతి ఉంది, పక్క కుట్లున్నాయి. బిల్లు రాస్తూ ఆయన, “వెనకది విప్పేసి ఫ్రేము కట్టించి ఇస్తాను, గోడకి బాగుంటుంది, డబ్బులు కూడా వద్దు” అన్నాడు. మర్యాదగా అన్న మాటే. కొనేవాళ్ళు చాలామంది అదే అడుగుతారట. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఆ దుకాణంలో నిలబడి చెప్పడానికి కుదరలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఇది ఎలా నేస్తారో చూడాలి. మాది ఏలూరు. మా ఊరి తివాచీలు పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళతో మొదలయ్యాయని ఊళ్ళో చెప్పుకుంటారు. నేను చిన్నప్పుడు చూసినవి నిలువు మగ్గాలు. కదలవు, నిలువు పోగులు, అంటే నూలు పడుగు, బిగుతుగా ఉంటుంది, ముందే గీసిన నమూనా ఎదురుగా ఉంటుంది. ఖష్కాయ్ మగ్గం దీనికి పూర్తిగా భిన్నం. అది నేల మీద పరుచుకుని ఉంటుంది. రెండు దూలాలు, వాటిని లాగి పట్టే నాలుగు గుంజలు, పడుగు పోగుల్ని పైకెత్తే ఒక కర్ర, ఆ కర్రని మోసే మూడు కాళ్ళ చట్రం. నేసేవాళ్ళు నేసినంత మేర దాని మీదే కూర్చుని ముందుకి జరుగుతూ ఉంటారు. పడుగూ ఉన్నే, అడ్డంగా పోయే పేకా ఉన్నే. ఆ ఉన్ని మంద వెనక నడుస్తూ కదురు తిప్పి వడికినది. బయల్దేరాల్సిన రోజు వచ్చిందంటే గుంజలు పీకి, సగం నేసినదాన్ని దూలాలకి చుట్టి జంతువు మీద వేస్తారు. కొత్త చోట మళ్ళీ గుంజలు పాతుతారు. బిగువు ముందున్నట్టే ఉండదు. అందుకే ఒక సంచి ఒకచోట కొంచెం వెడల్పుగా, ఇంకోచోట కొంచెం ఇరుగ్గా ఉంటుంది. ఒక కుండలో అద్దిన ఎరుపు అయిపోయి మరో కుండలో అద్దిన ఎరుపు మొదలైన చోట అడ్డంగా చార పడుతుంది. కొలతకి అలవాటుపడ్డ కళ్ళకి ఇవి లోపాలుగా కనిపిస్తాయి. నాకైతే అవి పనికి అడ్డం పడిన ప్రయాణాల గుర్తులు.

అసలు విషయం ఇప్పుడు చెబుతాను. చాలా ఖోర్జిన్‌లని ముక్కలుగా నేసి అతకరు. మొత్తం జంట ఒకే పొడవాటి పట్టీగా మగ్గం మీద పుడుతుంది. మొదటి సంచి మూతి దగ్గర నేత మొదలవుతుంది. అక్కణ్ణించి దాని ముఖం, మూతి నుంచి అడుగుకి. తర్వాత దాని వీపు, అడుగు నుంచి పైకి. తర్వాత జంతువు వీపు మీద ఆనే మధ్య పట్టీ. ఆ పైన రెండో సంచి వీపు, చివరికి దాని ముఖం. మగ్గం నుంచి దించాక రెండు కొసల్నీ మడిచి పక్కలు కుట్టేస్తే జంట సంచి తయారవుతుంది.

దీన్ని కాస్త ఆలోచించండి. మొదటి ముఖం పైనుంచి కిందికి నేస్తున్నారు. అంటే సంచి మీద పక్షి నిటారుగా నిలబడాలంటే, మగ్గం మీద దాన్ని తల ముందు, కాళ్ళు తర్వాత నెయ్యాలి. ఎదురుగా కూర్చున్న మనిషికి అది తలకిందుల పక్షి. రెండో ముఖానికి వచ్చేసరికి అదే పక్షి కాళ్ళ దగ్గర మొదలవుతుంది. రెండు ముఖాలూ ఒకేలా రావాలి. నమూనా కాగితం లేదు. మొదటి ముఖం ఎప్పుడో ఆవిడ కిందికి, దూలం చుట్టలోకి వెళ్ళిపోయింది. మనసులో బొమ్మని తిప్పి పెట్టుకుని, ముడి ముడి లెక్క గుర్తుంచుకుని నెయ్యాలి. ముఖానికి ముడులతో కుచ్చు నేత (పడుగు పోగులకి ఉన్ని ముక్కలు ముడేసి కొసలు పైకి వదిలేది) ఉంటే ఇంకో గుర్తు కూడా మిగులుతుంది. ఆ కుచ్చు ఎప్పుడూ నేత మొదలైన వైపుకే వాలుతుంది. మొదట నేసిన సంచి మీద అది మూతి వైపు, రెండోదాని మీద అడుగు వైపు. నా సంచిని నిమిరితే ఉన్ని మూతి వైపు నునుపుగా జారుతుంది. అంటే ఇది జంటలో మొదటిది. దీని మీదున్న చిన్న పక్షులన్నీ తలకిందులుగా పుట్టినవే. నేర్పంటే ఇది కాక ఇంకేముంది!

ఇదంతా తెలియడానికి మూతి ఎటో అడుగు ఎటో తెలియాలి. ఫ్రేములో ఉన్న ముక్కకి మూతి పట్టీని కూడా కోసేస్తారు, అంచులు ‘చక్కగా’ రావాలని. ఒకసారి కోశాక అది ఎటు తిప్పి తగిలించినా ఒకటే అయిపోతుంది.

మూతి పట్టీలో ఏముంటుందో కూడా చెప్పాలి. ముఖం పైఅంచున నిలువు చీలికలు వదిలి నేస్తారు. వాటికి ఎదురుగా వీపు పైఅంచున ఉన్నితోనో మేక వెంట్రుకలతోనో పేనిన ఉచ్చులు ఉంటాయి. మొదటి ఉచ్చుని చీలికలోంచి బయటికి లాగి, రెండోదాన్ని దానిలోంచి, మూడోదాన్ని రెండోదానిలోంచి అలా గొలుసులా వేసుకుంటూ పోతారు. చివరి ఉచ్చుకి ఒక చిన్న తాళం వేస్తే చాలు, మొత్తం సంచి మూసుకుపోతుంది. గొళ్ళెం లేదు, బొత్తం లేదు, ఇనుము ముక్క ఆ ఒక్క తాళమే. కొండ దారుల్లో గాడిద ఎంత కుదిపినా లోపలి గింజ బయట పడదు.

వీపు సంగతి. ముఖానికి ముడులున్నా వీపుకి ఉండవు. అది పడుగు కనబడకుండా పేకని గట్టిగా దట్టించిన సాదా నేత. ఎక్కువగా అడ్డచారలు. జంతువు ఒంటిని రాసుకునేది ఇదే, బరువు లాగేదీ ఇదే, అందుకే ఇది గట్టిగా, పలచగా ఉండాలి. అయినా దాన్ని ఊరికే వదలరు. నా సంచి వీపు మీద ఎరుపు, ముదురు నీలం, పసుపు చారలు వస్తాయి, కానీ ఏ రెండు చారలూ ఒకే వెడల్పు కావు. ముఖం మీద సంప్రదాయం ఉంది. మధ్యలో కొక్కేల పతకం, మూలల్లో దాని ముక్కలు, చుట్టూ అంచు. అవి అమ్మ దగ్గరా అత్త దగ్గరా నేర్చుకున్నవి. వీపు దగ్గర ఆ నియమాలు లేవు. ఏ రంగు పక్కన ఏ రంగు, ఎంత మందం అన్నది ఆవిడ ఇష్టం. ముఖం కంటే వీపులోనే నాకు ఒక మనిషి ఎక్కువగా కనిపిస్తుంది. పొరుగు తెగ బఖ్తియారీలైతే అరుగుదల ఎక్కువ ఉండే అడుగు భాగంలో మాత్రం ముడుల నేత వేస్తారు, అది త్వరగా చిరగకుండా. ఏ భాగం ఎంత శ్రమ పడుతుందో తెలిసి దానికి తగ్గ నేత వెయ్యడం అది. ముఖం మాత్రమే చూసేవాళ్ళకి ఈ లెక్క ఎప్పటికీ అర్థం కాదు.

ఇన్ని పాత సంచులు బజారుకి ఎలా వచ్చాయన్నది ఇంకో ప్రశ్న. కష్టకాలంలో అమ్ముకోవడం ఎప్పుడూ ఉంది. 1918లో ఫార్స్‌లో ఖష్కాయ్‌లు బ్రిటిష్‌వాళ్ళ సౌత్ పర్షియా రైఫిల్స్‌తో పోరాడుతున్న రోజుల్లోనే ఇన్‌ఫ్లుయెంజా వచ్చి పడింది. అప్పటి నాయకుడు సౌలత్ అల్ దౌలా ఆ తర్వాత 1933లో టెహ్రాన్ జైల్లోనే చనిపోయాడు. అదే దశకంలో అప్పటి ఇరాన్ రాజు రెజా షా ప్రభుత్వం సంచార తెగల్ని బలవంతంగా ఒకచోట కూర్చోబెట్టింది. ఆయుధాలు లాక్కుంది, వలస దారులు మూసేసింది. పచ్చిక లేని చోట కట్టేస్తే మందలు బతకవు, చచ్చిపోయాయి. 1941లో రెజా షా గద్దె దిగాక మళ్ళీ నడక మొదలుపెట్టారు. 1963లో పచ్చిక బయళ్ళు ప్రభుత్వ సొత్తయ్యాయి. తర్వాత లారీలు వచ్చాయి, ఒంటెల అవసరం తగ్గింది, రేకు పెట్టెలు వచ్చాయి.

నడక ఆగిన ఇంట్లో ఖోర్జిన్ ఏం చేస్తుంది? మూలన పడి ఉంటుంది, లేదా అమ్ముడుపోతుంది. కేటలాగుల్లో ‘అసలైన సంచార జీవన కళ’ అని రాసేటప్పుడు, ఆ వస్తువు డేరా దాటి బయటికి రావడానికి ఆ సంచార జీవనాన్ని ఆపడమే చాలాసార్లు కారణమని కూడా ఒక వాక్యం రాయాలి. రాయరు. ఇది నాకు కోపం తెప్పిస్తుంది. మనుషుల్ని దారి నుంచి కోశారు, తర్వాత వాళ్ళ సంచిని వీపు నుంచి కోశారు.

అలాగని డేరా జీవితమే మేలు, బడీ ఇల్లూ వద్దు అనడం లేదు. అమలే తెగకి చెందిన మొహమ్మద్ బహ్మన్‌బేగీ 1950ల నుంచి డేరాల మధ్యే బడులు నడిపించాడు. మేక వెంట్రుకల నల్ల డేరాల మధ్య బడి డేరా మాత్రం తెల్లగా ఉండేది. టీచర్లు కూడా తెగల నుంచే వచ్చేవారు, మందతో పాటు బడీ నడిచేది. ఆడపిల్లలూ చదువుకున్నారు. 1973లో ఆయనకి యునెస్కో అక్షరాస్యత బహుమతి వచ్చింది. మార్పు తేవడానికి దారులు మూసి మందల్ని చంపక్కర్లేదని దీన్ని బట్టే తెలుస్తుంది.

పాత వస్తువుల అభిమానుల్లో ఇంకో అలవాటుంది, రంగుల్ని బట్టి తీర్పు చెప్పడం. మంజిష్ఠ వేరు ఎరుపు, నీలిమందు నీలం, దానిమ్మ తొక్క పసుపు, అక్రోటు తొక్క గోధుమ రంగు ఉంటే ‘మంచి కాలం’. రసాయనిక రంగు ఒక్క పోగు కనిపించినా ‘పతనం’. ప్రకృతి రంగుల అందం నాకూ ఇష్టమే. ఆ నీలిమందు మన సముద్రం మీదుగా కూడా ఇరాన్ చేరింది, 17వ శతాబ్దంలో మచిలీపట్నం ఓడలు బందర్ అబ్బాస్‌కి నేరుగా వెళ్ళేవి. కానీ నా సంచిలో ఒక పక్షి రెక్క మీద బూడిద రంగు ముడులున్నాయి. వాటిని వేళ్ళతో విడదీసి మొదట్లోకి చూస్తే ఇంకా గాఢమైన గులాబీ ఊదా రంగు ఉంది. తొలితరం రసాయనిక రంగు అది, వెలుగు తగిలిన చోట చచ్చిపోయింది. 1856లో లండన్‌లో పెర్కిన్ తొలి కృత్రిమ రంగు కనిపెట్టాక ఇలాంటివి ప్రపంచమంతా పాకాయి. ఇరాన్ ప్రభుత్వం నిషేధించినా ఆగలేదు. ఇది ఉన్నందుకు నా సంచి ధర తగ్గింది. నాకైతే ఆ రెక్కలో పతనం ఏమీ కనబడదు. షిరాజ్ బజారులో నేసినావిడకి ఎప్పుడూ చూడని ఒక రంగు కనబడి ఉంటుంది, కాస్త కొనుక్కుంది, తన పక్షుల్లో ఒక్కదానికి వేసి చూసింది. వీపు చారల్లాగే ఇదీ ఆవిడ సొంతంగా ఎంచుకున్నదే.

ఆవిడ పేరు మనకి తెలియదు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న అర్దబీల్ తివాచీ మీద మఖ్సూద్ కాషానీ అన్న పేరు, హిజ్రీ 946 (క్రీ.శ. 1539-40) అన్న సంవత్సరం నేసి ఉన్నాయి. అది రాజుల కొలువుకి సంబంధించిన పని, పేరు పడింది. ఇక్కడ పేరు లేకపోతే చేతి గుర్తులే పేరు. ఆ గుర్తుల్లో సగం కోసేస్తే ఇంకేం మిగులుతుంది? ఆ తివాచీ కథ కూడా కోతతో ముడిపడినదే. నిజానికి అవి జంట తివాచీలు. అమ్మకానికి ముందు ఒకదాన్ని కోసి ఆ ముక్కలతో రెండోదానికి మరమ్మతు చేశారు. పూర్తిగా కనబడేదాన్ని 1893లో మ్యూజియం కొన్నది. అంచులు పోయిన జత ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో ఉంది. అంత పేరున్న తివాచీకే ఆ గతి పడితే దాన్ని గురించి ఇప్పటికీ బాధగా మాట్లాడుకుంటారు. సంచుల విషయంలో మాత్రం ఎవరూ నోరెత్తరు.

ఎదుటివాళ్ళ మాట కూడా వినాలి. వ్యాపారులు చెప్పే కారణాలు ఉత్తవేమీ కావు. వీపు ముందు చిరుగుతుంది, మట్టి పట్టి ఉంటుంది, పురుగు చేరుతుంది. బేళ్ళు కట్టి పంపేటప్పుడు బరువుకి డబ్బు. వీపు తీసేస్తేనే ముఖం అమ్ముడైంది, అమ్ముడైంది కాబట్టే మిగిలింది, లేకపోతే మొత్తం కుళ్ళిపోయేది అంటారు. వీపు నిజంగానే చివికిపోయిన సంచుల విషయంలో ఒప్పుకుంటాను. కానీ గట్టిగా ఉన్న వీపుల్ని కూడా, నాకు ఇవ్వజూపినట్టు, ఫ్రేము కోసం విప్పేస్తున్నారు కదా. అది కొనేవాళ్ళ అలవాటు. అలవాటు మనదైతే మార్చుకోవలసిందీ మనమే. ‘నీకు గాడిదా లేదు, వలసా లేదు, సంచి నీకెందుకు, బొమ్మ చూసుకుంటే చాలదా’ అని మా ఇంట్లోనే అన్నారు. నేను దాన్ని గాడిద మీద వెయ్యక్కర్లేదు. ఎలా మూసుకుంటుందో, ఎటు మొదలైందో చూడగలిగితే చాలు. దాని కోసం అది సంచిగా ఉండాలి.

ఇది మనకి దూరపు సంగతి కూడా కాదు. తెలంగాణ తండాల్లో లంబాడీ ఆడవాళ్ళు కుట్టిన పాత సంచులకీ ఇదే జరిగింది. వాళ్ళ పెద్దలు ఎద్దుల బారుల మీద ఉప్పూ ధాన్యం దక్కనంతా తిప్పినవాళ్ళు. రైళ్ళు వచ్చి ఆ రవాణా పోయింది, 1871 నాటి నేరస్థ తెగల చట్టం లాంటివి వచ్చి సంచారులు అంటేనే అనుమానం అయింది. ఇప్పుడు వాళ్ళ పాత పనితనం ముక్కలు ముక్కలుగా కోసి హ్యాండ్‌బ్యాగుల మీద, దిండ్ల మీద అతికించి అమ్ముతున్నారు. గవ్వలూ అద్దాలూ ఉన్న ముక్క ఉంటుంది, అది ఏ సంచిలో ఏ వైపుదో ఉండదు.

కొనాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది కొంచెమే. వీపు అడగండి. మూతి చీలికలు, ఉచ్చులు ఉన్నాయా చూడండి. పక్క కుట్టు పాతదా కొత్తదా చూడండి. వాషింగ్ మెషీన్‌లో వెయ్యకండి, ఎండ తగిలే గోడకి పెట్టకండి. మాసికలు ఉంటే ఉండనివ్వండి, అవి వాడినవాళ్ళు వేసుకున్నవే అయి ఉంటాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇంకో విషయం గమనించాలి. 2018 నుంచి ఇరాన్ తివాచీల దిగుమతి మీద అక్కడ మళ్ళీ ఆంక్షలున్నాయి, అందుకే ఆన్‌లైన్‌లో బయటి దేశం నుంచి తెప్పించుకునే ముందు కనుక్కోండి.

దిండు కవరే కావాలంటే పాత సంచి కోయించనక్కర్లేదు. ఫార్స్‌లో నేత ఆగిపోలేదు, 2010లో యునెస్కో ఆ నేర్పుని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఫిరూజాబాద్ వైపు ఇప్పటికీ ఆడవాళ్ళు నేస్తున్నారు, ప్రకృతి రంగులతో నేసినవీ దొరుకుతాయి. దిండుకి సరిపోయే కొలతలో కొత్తది కొనండి. అందులో ఎంతో కొంత నేసిన చేతికి చేరుతుంది. లంబాడీ కుట్టుపనికీ అంతే, తండాలో ఇప్పుడు కుడుతున్నవాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గర కొత్తది కుట్టించుకోండి.